నల్గొండ ఇంట్లో బోరు నీళ్లా, కృష్ణా నీళ్లా?

మర్రిగూడ వైపు బోరు నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి. చిక్కంతా గ్రానైట్ రాతి నుంచి దిగే ఫ్లోరైడ్‌తోనే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు చిన్నప్పటి నుంచీ తాగితే పళ్లకు గార పడుతుంది. మోతాదు మరీ ఎక్కువై ఏళ్లు గడిస్తే ఎముకలూ వంకర్లు పోతాయి. ఎండలో కూలి చేసే మనిషి చెంబుల కొద్దీ తాగుతాడు. అన్నం, పప్పు, చాయ్ కూడా ఆ నీళ్లతోనే. తిండికీ ఇందులో పాత్ర ఉంది: చింతపండు ఫ్లోరైడ్‌ను మూత్రంలో ఎక్కువగా బయటికి పంపుతుందని పరిశోధనల్లో తేలింది. అలాగని చారు తాగుతూ బోరు నీళ్లతో నెట్టుకురమ్మంటే అన్యాయమే.

మిషన్ భగీరథ కృష్ణా నీళ్లతో ఆ బెడద లేదు. కాకపోతే నల్లా రాని రోజు మళ్లీ బోరే దిక్కు. వంగిన ఎముకను ఏ నీళ్లూ నిలబెట్టవు. నన్నడిగితే తాగడానికి, వంటకు కృష్ణా నీళ్లే; బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు చాలు.