విండ్ టర్బైన్ జనరేటర్ల కోర్సు, వైజాగ్ ద్వారకానగర్: థియరీకి ఫుల్ మార్కులు, ల్యాబ్‌కి మాత్రం అడక్కండి

రేటింగ్ 4/5. ఇనిస్టిట్యూట్ పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద ల్యాబ్‌ని కొంచెం గట్టిగానే తిట్టబోతున్నా.

సర్టిఫికెట్ కోసం అయితే వెళ్ళకండి, సిలబస్ సగం కూడా అవదు. సార్ ఒక టాపిక్ పట్టుకుంటే వదలరు, మా బ్యాచ్‌లో అది రియాక్టివ్ పవర్ (నేరుగా పని చెయ్యకుండా మెషిన్‌కీ గ్రిడ్‌కీ మధ్య అటూ ఇటూ తిరుగుతూ వోల్టేజ్‌ని నిలబెట్టే పవర్). టర్బైన్ కేవీఏఆర్ (రియాక్టివ్ పవర్ కొలత) ఇస్తే మనకి పోయేదేముంది సార్, అమ్మే యూనిట్లు తగ్గవు కదా అని ఒకబ్బాయి అడిగాడు, ఇంక ఆ రోజు క్లాసంతా దాని మీదే.

2 మెగావాట్ల మెషిన్ 0.95 పవర్ ఫ్యాక్టర్‌లో (మొత్తం పవర్‌లో నిజంగా పని చేసే వంతు) నడిస్తే సుమారు 657 కేవీఏఆర్ ఇవ్వాలి. అదే వోల్టేజ్ దగ్గర లైన్ కరెంటు, కేవీఏఆర్ ఇవ్వనప్పటి కన్నా 5 శాతం పైనే పెరుగుద్ది, కాపర్ లాస్ (తీగల్లో వేడిగా పోయే నష్టం) కరెంటు వర్గాన్ని బట్టి కాబట్టి కేబుల్లో, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌లో దాదాపు 11 శాతం ఎక్కువ వేడి కింద పోతుంది. అంటే యూనిట్లు తగ్గుతాయి, కాకపోతే ఎవరి కంటా పడవు. ఇవ్వను అంటే కుదరదు కూడా, సీఈఏ (కేంద్ర విద్యుత్ అథారిటీ) గ్రిడ్ కనెక్టివిటీ రూల్స్‌కి 2013లో వచ్చిన సవరణ ప్రకారం కొత్త విండ్ ప్లాంట్లు 0.95 ల్యాగ్ నుంచి 0.95 లీడ్ దాకా, అంటే రియాక్టివ్ ఇవ్వడం, తీసుకోవడం రెండు వైపులా సపోర్ట్ చెయ్యగలగాలి.

నాకు బాగా నచ్చింది మెషిన్ టైపులు పోల్చి చెప్పడం. పాత స్క్విరల్ కేజ్ మెషిన్లు (రోటర్‌కి, అంటే తిరిగే భాగానికి, బయటి కనెక్షన్ లేనివి) గ్రిడ్ నుంచే రియాక్టివ్ లాగుతాయి, అందుకే వాటికి ఆ రియాక్టివ్ ఇచ్చే కెపాసిటర్ బ్యాంకులు. డీఎఫ్ఐజీ అంటే స్టేటర్ (కదలని భాగం) నేరుగా, రోటర్ మాత్రం కన్వర్టర్ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చే ఎలక్ట్రానిక్ యూనిట్) ద్వారా గ్రిడ్‌కి కలిసే జనరేటర్, అందులో కన్వర్టర్ మెషిన్ రేటింగ్‌లో 30 శాతం దగ్గరే ఉంటుంది, రియాక్టివ్‌ని రోటర్ వైపు నుంచి ఇవ్వొచ్చు, గ్రిడ్ వైపు కన్వర్టర్ నుంచీ ఇవ్వొచ్చు. రోటర్ వైపు నుంచే మొత్తం ఇప్పిస్తే రోటర్, స్టేటర్ రెండిట్లోనూ కరెంటు మారిపోద్ది, అందుకని ఏ గాలికి ఎటు నుంచి ఎంత పంచితే మొత్తం నష్టం తక్కువ అనేది విడిగా లెక్క కట్టాలి. ఫుల్ కన్వర్టర్ మెషిన్‌లో (పవర్ మొత్తం కన్వర్టర్ గుండానే వెళ్ళేది) అయితే జనరేటర్‌కి ఈ సంగతే తెలీదు, భారమంతా గ్రిడ్ వైపు కన్వర్టర్ మీదే. అది గాలి లేని రాత్రి కూడా కేవీఏఆర్ ఇవ్వగలదు, కానీ కన్వర్టర్‌లో పోయే పవర్ గ్రిడ్ నుంచే లాక్కుంటుంది, మరి ఆ బిల్లు ఎవడు కట్టాలి అంటే సార్ నవ్వి అగ్రిమెంట్ చదువుకో నాన్నా అన్నారు.

ఇప్పుడు ల్యాబ్. డీసీ మోటార్‌కి కప్లింగ్ చేసిన ఒక స్లిప్ రింగ్ మెషిన్ (రోటర్‌కి బయటి నుంచి కనెక్షన్ ఇవ్వగలిగేది), రోటర్ సర్క్యూట్‌లో రియోస్టాట్ (మార్చుకోగల రెసిస్టెన్స్), అంతే. బ్యాక్ టు బ్యాక్ కన్వర్టర్ (రోటర్ వైపు, గ్రిడ్ వైపు కన్వర్టర్ల జత) అసలు లేదు, క్లాసులో అంత చెప్పింది చూద్దామంటే లాప్‌టాప్‌లో సిమ్యులేషన్ చూపించి సరిపెట్టేశారు, దానికి మళ్ళీ ప్రాక్టికల్ ఫీజు వేరేగా! పైగా ఏసీ పని చెయ్యదు, వైజాగ్ ఉక్కలో ఆ గదిలో కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

అనంతపురం వైపు విండ్ సైట్లలో ఓ అండ్ ఎం (ఆపరేషన్, మెయింటెనెన్స్) జాబ్‌కి ట్రై చేసేవాళ్ళు, సబ్‌స్టేషన్‌లో పని చేస్తున్నవాళ్ళు తప్పకుండా చేరండి, డిప్లొమా ఫస్టియర్ పిల్లలకి మాత్రం బరువైపోద్ది. ప్రాక్టికల్ ఫీజు ముందే కట్టకండి, ల్యాబ్ చూశాకే కట్టండి. బండి పెట్టడానికి అక్కడ చోటు దొరకదు, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి నడిచి వెళ్ళిపోవడమే బెటర్.