అద్దె రోవర్‌తో 11 రోజులు: రైలు పట్టాల సర్వేకి ఎంతవరకు పనికొచ్చింది

మాది మిర్యాలగూడ. పదహారేళ్లుగా సర్వే పనే చేస్తున్నాను. ఎక్కువగా పొలాల హద్దులు, వెంచర్లు, రోడ్లు. రైల్వే పని ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. ఈసారి గుంటూరు–బీబీనగర్ లైను పక్కన ఒక ఫ్యాక్టరీ సైడింగ్ (మెయిన్ లైను నుంచి ఫ్యాక్టరీలోకి వెళ్లే పట్టాలు) కోసం 3 కిలోమీటర్ల మేర ఉన్న పట్టాలు, కరెంటు స్తంభాలు, సిగ్నళ్లు, కల్వర్టులు, రైల్వే హద్దు రాళ్లు అన్నీ ప్లానులోకి ఎక్కించాల్సి వచ్చింది. కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్, ఎత్తుల తేడా చూసే ఆటో లెవెల్ నా సొంతవే. ఉపగ్రహ సంకేతాలతో పాయింటు స్థానం చెప్పే ఆర్టీకే రోవర్ మాత్రం లేదు. హైదరాబాద్‌లో ఒక షాపు నుంచి బేస్ (ఒకచోట కదలకుండా ఉండి రోవర్‌కు సవరణలు పంపే పరికరం), రోవర్ జతను రోజుకు 3,000 రూపాయల చొప్పున 11 రోజులకు తెచ్చుకున్నాను. రైల్వే పనికి దీన్ని తీసుకెళ్లాలనుకునే తోటి సర్వేయర్ల కోసం రాస్తున్నాను.

ముందు మంచి చెబుతాను. పట్టాల నుంచి పక్కకు దిగి, హద్దు రాళ్లు, కాలువలు, బాటలు, పొలం గట్లు ఎక్కించడానికి దీన్ని మించింది లేదు. టోటల్ స్టేషన్‌తో అయితే తుమ్మచెట్లు అడ్డం వచ్చిన ప్రతిచోటా స్టేషన్ మార్చాలి. రోవర్‌కి బేస్ కనిపించక్కర్లేదు, పైన ఆకాశం కనిపిస్తే చాలు. నేనూ మా కుర్రాడూ నాలుగు రోజులు అనుకున్న పని రోజున్నరలో ముగించాం. ఎండాకాలంలో కంకర మీద నడిచిన వాళ్లకు ఆ రెండున్నర రోజుల విలువ తెలుసు.

అసలు చిక్కు పట్టాల మీదకు వచ్చాక మొదలైంది. స్క్రీన్ మీద ఫిక్స్ అని ఉంటే పాయింటు స్థానం ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాలో ఉన్నట్టు. పొలానికి అది బంగారం. రైలు పట్టాకు చాలదు. ఈ పనిలో ఒక కర్వు ఉంది, 2 డిగ్రీలది, అంటే వ్యాసార్థం 875 మీటర్లు. 20 మీటర్ల తాడు లాగి మధ్యలో తాడు నుంచి పట్టాకు కొలిస్తే ఆ దూరం, అంటే వెర్సైన్, 57 మిల్లీమీటర్లు రావాలి. బయటి పట్టా లోపలి అంచు వెంబడి పది పది మీటర్లకు రోవర్‌తో పాయింట్లు తీసి లెక్కగడితే ఒకచోట 41, పక్కనే 70, ఆ తర్వాత 52 వచ్చాయి. ఆ కాగితం చూసిన వాళ్లు ట్రాక్ మొత్తం చెడిపోయిందనుకుంటారు. మర్నాడు నైలాన్ తాడు, స్టీలు స్కేలు పట్టుకుని కొలిస్తే అవే చోట్ల 56, 58, 57. ట్రాక్ చక్కగా ఉంది, తేడా అంతా రోవర్ పాయింట్లలోనే. పాయింటుకు ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా, మూడు పాయింట్లు కలిపి లెక్కేసరికి అది పెరుగుతుంది. కర్వు దగ్గర రోవర్ రీడింగులు ఎవరికీ ఇవ్వకండి.

ఎత్తుల సంగతి ఇంకా జాగ్రత్త. రోవర్ నేరుగా ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, లెక్క కోసం పెట్టుకున్న దీర్ఘవృత్త గోళం నుంచి. మన ప్రాంతంలో ఈ రెండింటికీ 70 మీటర్లకు పైగా తేడా ఉంటుంది. విజయవాడ దగ్గరైతే నేల మీద నిలబడి ఉన్నా మైనస్‌లో చూపిస్తుంది. మొదటిసారి చూసిన వాళ్లకు టెన్షన్ ఖాయం. ఎత్తు తెలిసిన బెంచ్‌మార్కుకు కట్టి సరిచేసుకున్నా, ఎత్తులో రెండు మూడు సెంటీమీటర్ల ఊగిసలాట పోదు. రైల్ లెవెల్స్ అన్నీ ఆటో లెవెల్‌తోనే తీశాను. 3 కిలోమీటర్లు వెళ్లి తిరిగి వచ్చి ముగిస్తే 9 మిల్లీమీటర్ల తేడాతో కలిసింది.

కరెంటు స్తంభాల దగ్గర కూడా రోవర్ తడబడింది. ప్రతి స్తంభానికీ కిలోమీటరు నంబరు, దాని కింద వరుస సంఖ్య రాసి ఉంటాయి. ప్లానులో ఆ నంబరుతో పాటు ట్రాక్ మధ్య నుంచి స్తంభం ముఖం దాకా దూరం చూపించాలి. స్తంభానికి ఆనించి రోవర్ బిగించిన కర్ర పెడితే సగం ఆకాశం మూసుకుపోతుంది. ఫిక్స్ పోయి ఫ్లోట్ అవుతుంది, అంటే అంత కచ్చితత్వం ఉండదు. రోడ్డు బ్రిడ్జి కిందా, లోతుగా తవ్విన కటింగులోనూ ఇదే తంతు. అక్కడ టోటల్ స్టేషన్‌ను ప్రిజం (కాంతిని తిప్పి పంపే అద్దం) లేకుండా వాడి పూర్తిచేశాను.

షాపు గురించి రెండు మాటలు. ఫోన్ చేస్తే ఓపికగా జవాబు చెప్పారు, అది నిజం. కానీ ఇచ్చిన రెండు బ్యాటరీల్లో ఒకటి మధ్యాహ్నానికే చచ్చిపోయేది. కర్ర నిటారుగా ఉందో లేదో చూపే బుడగ కూడా సరిగా లేదు. 2 మీటర్ల కర్ర అర డిగ్రీ వంగితే కింద 17 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. ఇల్లు కదలకముందే కర్రను ఒకే పాయింటు మీద నిలిపి, బుడగ మధ్యలో ఉంచి, నాలుగు వైపులా తిప్పి రీడింగులు చూసుకోండి. నేను రెండో రోజు సాయంత్రం చూసుకున్నాను, అప్పటికి తీసిన పాయింట్లు మళ్లీ తీశాను. నాలుగో రోజు జరిగింది మాత్రం మా తప్పే. మా కుర్రాడు బేస్ ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు పాత కోఆర్డినేట్లు (బేస్ స్థానం అంకెలు) ఎక్కించకుండా, అది అప్పటికప్పుడు లెక్కగట్టిన స్థానంతోనే మొదలుపెట్టాడు. పని మొత్తం 1.4 మీటర్లు పక్కకు జరిగింది. మొదటి రోజు తీసిన హద్దు రాళ్లనే మళ్లీ తీసి చూశాం కాబట్టి దొరికింది. అప్పటినుంచి పొద్దున, సాయంత్రం రెండు పాత రాళ్లు ముట్టుకుని గానీ పని మొదలుపెట్టలేదు, ముగించలేదు.

అన్నిటికంటే ముఖ్యం ప్రాణం. పైన తీగలో 25,000 వోల్టులు. అది పట్టా నుంచి మామూలుగా ఐదున్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. కరెంటున్న తీగకు 2 మీటర్ల లోపుకు మనిషి గానీ సామాను గానీ వెళ్లకూడదు. రోవర్ కర్రలు చాలావరకు కార్బన్ ఫైబర్‌వి, వాటిలోనూ కరెంటు పారుతుంది. లెవెలింగ్‌కి వాడే 5 మీటర్ల అల్యూమినియం స్టాఫ్ (కొలత గీతలున్న కర్ర) ఇంకా ప్రమాదం. దాన్ని పూర్తిగా సాగదీస్తే తీగకు అర మీటరు దూరమే మిగులుతుంది. వెంట వచ్చిన రైల్వే మేటు మొదటి రోజే మా కుర్రాణ్ణి ఆపి, “ఆ కర్ర రెండు ముక్కలకు మించి తీయకు బాబూ” అన్నాడు. తర్వాత నేను చెక్క స్టాఫ్ తెప్పించాను. స్టీలు టేపు కూడా వద్దు. రెండు పట్టాలకూ తగిలితే పట్టాల మీద రైలు ఉందో లేదో పసిగట్టే ట్రాక్ సర్క్యూట్ కలిసిపోయి సిగ్నల్ ఎర్రగా మారుతుంది. ఫైబర్ టేపులో కూడా లోహపు పోగు లేనిది అడిగి తీసుకోండి. రైల్వే అనుమతి, జెండా పట్టుకుని రైలు కోసం చూసే మనిషి లేకుండా ఎంత చిన్న పనికైనా పట్టాల మీదకు వెళ్లకండి.

నా లెక్కలో ఈ సెట్టుకు ఐదుకు మూడున్నర. హద్దులకూ బయటి వివరాలకూ 3,000 ఇచ్చినా గిట్టుబాటే. పట్టాల మీద పనికని మాత్రం అద్దెకు తేవద్దు. వచ్చే నెల అదే సైడింగ్ రెండో భాగం ఉంది. ఈసారి 4 రోజులకే అడిగాను, మూడు బ్యాటరీలు, బుడగ సరిచేసిన కర్ర ఇస్తేనే అడ్వాన్సు అని చెప్పాను. పట్టాల పనికి నైలాన్ తాడు కొత్తది కొని పెట్టాను.