ఇద్దరు సాంటోస్‌లలో ఎవరు మేలు?

పేరులో సాంటోస్ ఇద్దరికీ ఉంది కానీ చుట్టరికం లేదు. బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టు డిఫెన్స్‌లో ఎడమ వైపు (లెఫ్ట్ బ్యాక్) నిల్టన్, కుడి వైపు (రైట్ బ్యాక్) జల్మా. ఇద్దరూ 1958, 1962 వరల్డ్ కప్‌లు గెలిచారు, ఇద్దరూ 2013లోనే పోయారు. ఒక్కరినే ఎంచుకోమంటే నా ఓటు నిల్టన్‌కే, కానీ జల్మాని పక్కన పెట్టాలంటే నిజంగా మనసొప్పదు.

ఎందుకంటే 1958లో ఫైనల్ దాకా జల్మాకి ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు, అప్పటిదాకా రైట్ బ్యాక్‌గా ఆడిన డి సోర్డి ఆడలేని పరిస్థితి వస్తే నేరుగా ఫైనల్లో దింపారు, ఎదురుగా స్వీడన్ వింగర్ స్కోగ్లుండ్, అతన్ని కదలనివ్వలేదు. ఆ ఒక్క మ్యాచ్‌తోనే టోర్నీ బెస్ట్ రైట్ బ్యాక్ అనిపించుకున్నాడు! 1962 ఫైనల్లో అతను పైకి లేపిన బంతిని ఎండ కళ్లలో పడి చెక్ గోలీ వదిలేస్తే వావా గోల్ కొట్టాడు. త్రో వేస్తే బంతి నేరుగా గోల్ ముందు పడేది. అప్పజెప్పిన పనిలో జల్మాకి వంక పెట్టలేం.

నిల్టన్ అయితే ఆ పనినే మార్చేశాడు. లెఫ్ట్ బ్యాక్ అంటే వెనకే కాపలా కాయాలనుకునే రోజుల్లో, 1958లో ఆస్ట్రియా మీద తన సగం నుంచి బంతితో ముందుకెళ్లి, సహచరుడు మజ్జోలాకి ఇచ్చి తిరిగి తీసుకుని గోల్ కొట్టాడు. 1948 నుంచి 1964 దాకా ఒకే క్లబ్, బొటాఫోగో.

తప్పులు లేవని అనను. 1954లో హంగరీతో మ్యాచ్‌లో వాళ్ల ఆటగాడు బోజిక్‌తో కొట్లాడితే రిఫరీ బయటికి పంపేశాడు. 1962లో స్పెయిన్ 1–0తో ముందున్నప్పుడు తన గోల్ ముందున్న పెనాల్టీ బాక్స్‌లో ఫౌల్ చేసి, చేతులెత్తి మెల్లగా రెండడుగులు బాక్స్ గీత బయటికి వచ్చి నిలబడితే రిఫరీ పెనాల్టీకి బదులు ఫ్రీకిక్ ఇచ్చాడు. అది మోసమే, నాకిప్పటికీ నచ్చదు. చివరికి బ్రెజిల్ 2–1తో గెలిచింది.

అయినా ఓటు ఎందుకంటే, 1953లో బొటాఫోగో ట్రయల్స్‌కి వంకర కాళ్ల కుర్రాడొకడు వచ్చి, అప్పటికే జాతీయ జట్టు ఆటగాడైన నిల్టన్ కాళ్ల సందులోంచి బంతి పోనిచ్చాడు. ఇంకొకరైతే అవమానంగా తీసుకుని మరుసటి బంతికే కాలు విరగ్గొట్టేవాళ్లేమో, నిల్టన్ మాత్రం వీణ్ని వెంటనే తీసుకోండని క్లబ్‌కి చెప్పాడు, ఇలాంటివాడికి ఎదురుగా ఆడటం కంటే పక్కన ఆడటమే నయమని. ఆ కుర్రాడు గరించా. 1962లో పెలే గాయంతో కూర్చుంటే కప్పు తెచ్చింది అతనే.