సూర్యారావుపేటలోని ఒక సంతాన సాఫల్య కేంద్రం: ఫ్రోజెన్ ఎంబ్రియో బదిలీలో మేము చూసిన మంచీ చెడూ

విజయవాడ సూర్యారావుపేటలోని ఒక సంతాన సాఫల్య కేంద్రంలో ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని ల్యాబ్‌లో కలిపి పిండాన్ని తయారుచేసే చికిత్స) చేయించుకుని, ఫ్రీజ్ చేసి దాచిన పిండాలను ఆ తర్వాత గర్భాశయంలోకి బదిలీ చేయించుకున్నాను. కేంద్రం పేరు చెప్పడం లేదు. ఇలాంటి చికిత్సకు చోటు వెతుక్కునేవారు ఏమేమి గమనించాలో తెలియాలని మాత్రమే ఈ సమీక్ష రాస్తున్నాను.

సక్సెస్ రేటు ఎంతని అడిగితే డాక్టరుగారు ఒక అంకె చెప్పి పంపేయలేదు. "ఏ వయసువారిదమ్మా?" అని ఎదురు అడిగి, అండాలు తీసిన నాటి వయసే ఫలితాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయిస్తుందని, 35 దాటిన కొద్దీ క్రోమోజోమ్ లోపాలున్న పిండాలు పెరుగుతాయని ఓపికగా వివరించారు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉన్నంతకాలం పిండానికి వయసు పెరగదు కాబట్టి, బదిలీ కొన్ని నెలలు ఆలస్యమైనంత మాత్రాన కంగారు పడనక్కర్లేదన్నారు. సంతాన సాఫల్య చికిత్సలపై వచ్చిన 2021 నాటి చట్టం ప్రకారం పిండాలను గరిష్ఠంగా పదేళ్లే నిల్వ ఉంచవచ్చన్న విషయం కూడా సంతకాలకు ముందే చెప్పారు.

ల్యాబ్ విషయంలో నాకు పూర్తి తృప్తి కలిగింది. అయిదో రోజు పిండానికి వేసిన "4ఏబీ" అనే గ్రేడును ఎంబ్రియాలజిస్టు (ల్యాబ్‌లో పిండాలను చూసుకునే నిపుణులు) విడమరచి చెప్పారు: అంకె పిండం ఎంత విచ్చుకుందో తెలుపుతుంది, మొదటి అక్షరం బిడ్డగా మారే కణాలకు, రెండోది మాయగా మారే కణాలకు సంబంధించినది. గ్రేడు రూపాన్నే చూపుతుందని, లోపలి క్రోమోజోములు ఎలా ఉన్నాయో దాన్నిబట్టి చెప్పలేమని కూడా దాచకుండా అన్నారు. బదిలీ రోజున నా పేరు, మావారి పేరు నాతోనే చెప్పించి, లేబుల్‌తో సరిచూసిన తర్వాతే మొదలుపెట్టారు. కరిగించిన పిండం మళ్లీ ఉబ్బుతుండటం తెరమీద స్పష్టంగా కనిపించింది.

మొదట గర్భాశయాన్ని మందులతో సిద్ధం చేసిన నెలలో దాని లోపలి పొర 7 మిల్లీమీటర్లకు చేరలేదు. స్కానులో మూడు గీతల్లా కనిపించవలసిన పొర సరిగా రాకపోవడంతో, అన్ని ఏర్పాట్లూ అయినా బదిలీ ఆపేశారు. ఆ రోజు ఎంతో బాధపడ్డాను కానీ, డబ్బు కట్టించుకున్నాం కదా అని కానిచ్చేయకపోవడమే వారి నిజాయితీకి నిదర్శనమని ఇప్పుడు నమ్ముతున్నాను. నాకు నెలసరి క్రమంగానే వస్తుంది కాబట్టి ఆ తర్వాత సహజంగా అండం విడుదలయ్యే నెలలోనే బదిలీకి ఏర్పాటు చేశారు. పూర్తిగా హార్మోను మందులతో చేసే పద్ధతిలో గర్భిణికి బీపీ సమస్యలు వచ్చే అవకాశం కాస్త ఎక్కువని కారణం చెప్పారు. కవలలైతే బాగుంటుందని బంధువులు అన్నా, ఒక్క పిండానికి మించి పెట్టడానికి ఒప్పుకోలేదు.

తొలి బదిలీ ఫలించలేదు. మేడమెట్లు ఎక్కడం వల్లనో, బొప్పాయి తినడం వల్లనో ఇలా అయిందని ఇంట్లో మాటలు మొదలయ్యాయి. డాక్టరుగారు మా అత్తయ్యగారిని పిలిపించి, బదిలీ తర్వాత మంచానికే పరిమితం కావడం వల్ల ప్రయోజనం లేదని, మంచి పిండమైనా చాలాసార్లు నిలవదని, అందులో కోడలి తప్పేమీ లేదని నిదానంగా చెప్పారు. ఈ ఒక్క సంభాషణ కోసమైనా ఆ కేంద్రాన్ని మెచ్చుకుంటాను. ఆ తర్వాతి బదిలీతో గర్భం నిలిచింది.

ఇక లోపాలు. బిల్లింగ్ కౌంటర్ దగ్గరివారు, బదిలీకి అనువైన సమయం తేల్చే ఈఆర్ఏ పరీక్ష చేయించకపోతే పిండం వృథా అవుతుందన్నట్లు మాట్లాడారు. డాక్టరుగారిని అడిగితే, 2022లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో దానివల్ల కాన్పుల శాతం పెరగలేదని, నాకు అవసరం లేదని తేల్చేశారు. ఒకే కప్పు కింద ఇలా రెండు మాటలు వినిపించడం సరికాదు. ఆశతో వచ్చినవారు కౌంటర్ మాటనే నమ్మి అప్పు చేసే ప్రమాదం ఉంది. పిండాల నిల్వకు ఏటా కట్టవలసిన రుసుమును ప్యాకేజీలో కలపలేదన్న సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. నిరీక్షణ హాలులో అందరికీ వినిపించేలా చికిత్స పేరుతో సహా పిలవడం కూడా మానుకోవాలి.

వైద్యం, ల్యాబ్ విషయంలో ఈ కేంద్రాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అయితే ప్యాకేజీలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు కట్టండి. అదనపు పరీక్ష ఏది చెప్పినా ముందు డాక్టరుగారినే అడగండి.