డీకేటీలో బోరా, ఊరి మడి గుత్తా: ఏది మేలు?

"అన్నా, ఈ యేడు మా డీకేటీలో బోరు ఏసేదా, లేకుంటే మీ మడే ఇంకో మూడేండ్లు గుత్తకు చేసేదా? రెండిటికీ దుడ్లు సాలవు."

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా కౌలుదారు కొడుకు అడిగాడు. చంద్రగిరి అవతల, స్వర్ణముఖి వార ఉంది మా ఊరు. మేం తిరుపతికి వచ్చేసి చాలా ఏళ్లయింది. రెండెకరాల మడి మా అమ్మ పేరు మీద ఉంది, గుత్తకు, అంటే కౌలుకు, చేసేది మాత్రం వాళ్ల నాయనే. "మడే చెయ్ తమ్ముడూ" అని గబుక్కున అనబోయి ఆగాను. మడి మాది కదా, ఆ సలహాలో నా స్వార్థం ఎంతుందో ముందు చూసుకోవాలి అనిపించింది. తిరిగొచ్చాక నాలుగు రోజులు లెక్కలు వేశాను.

ముందు డీకేటీ సంగతి. దరఖాస్తు పెట్టుకున్న పేదలకు సర్కారు ఇచ్చిన పట్టాను మా వైపు డీకేటీ అంటారు. వాళ్ల తాతకు వచ్చింది ఎకరా నలభై సెంట్లు, గుట్టవార. రాళ్లు, కంపచెట్లు. మంచి వాన పడితే ఉలవలు, ఇంకా మంచి వాన పడితే వేరుశనగ. చెరువు కింద కయ్యలు (మళ్లు) ఎవరూ పంచలేదు, పంచిందల్లా గుట్టే.

భూసంస్కరణలు మన దగ్గర ఇట్లాగే దిగాయి. 1948 చట్టంతో జమీందారీలు రద్దయి, పాత చిత్తూరు జిల్లాలో కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందార్ల కింది రైతులకు పట్టాలు వచ్చాయి. ఆ రైతుల దగ్గర కూలి చేసేవాళ్లకు ఏమీ రాలేదు. 1973 భూపరిమితి చట్టం ఐదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే నేలను బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు అని గీత గీసింది. గీత గట్టిదే. కానీ అది అమల్లోకి వచ్చింది 1975లో. ఈలోపు కొడుకుల పేర్లు, అల్లుళ్ల పేర్లు, చుట్టాల పేర్లు కాగితాలెక్కడానికి కావలసినంత టైం దొరికింది. మిగులు అని చూపించిన దాంట్లో ఎక్కువభాగం ఎవరికీ అక్కర్లేని నేలే.

దక్షిణ కొరియాలో 1950లో చేసింది వేరు. కౌలుకు దున్నుతున్నవాడికి ఆ దున్నుతున్న మడినే ఇచ్చారు, ఊరికే కాదు. ఏడాది పంటకు ఒకటిన్నర రెట్లు విలువ కట్టి, ఐదేళ్లలో తీర్చమన్నారు. నీళ్లున్న నేల, తెలిసిన నేల కాబట్టి తీర్చగలిగారు. మా కుర్రాడి డీకేటీ అట్లాంటిది కాదు. దాంట్లో పంట రావాలంటే బోరు కావాలి. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దాటినా దుమ్ము లేచిన బోర్లు బోలెడు. మా వైపు అంత లోతు లేకపోయినా గుట్టవార రాయి రాయే. కరెంటు ఉచితమే, బోరు బండివాడు ఉచితంగా రాడు. కేసింగు, మోటారు, లైను కలిపితే లక్షల్లో పని. పడకపోతే ఆ అప్పు తీర్చేది మళ్లీ కూలి డబ్బుతోనే.

ఇంకో చిక్కు ఉంది. 1977 చట్టం ప్రకారం ప్రభుత్వం ఇచ్చిన పట్టా భూమిని అమ్మకూడదు, కౌలుకు కూడా ఇవ్వకూడదు. పేదవాడి చేతిలోంచి జారిపోకూడదని పెట్టిన రూలు ఇది, మంచిదే. కానీ వాడు బెంగళూరు పోయి నాలుగేళ్లు పని చేసుకుందామన్నా నేలను పక్కవాడికి న్యాయంగా గుత్తకిచ్చే దారి లేదు, బీడు పెట్టాలి, లేదా దొంగచాటుగా ఇవ్వాలి. 2023లో ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు పూర్తి హక్కులిస్తూ చట్టం మార్చారు. మరుసటి ఏడు ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లకు బ్రేక్ పడింది. వాళ్ల నాయన మాత్రం ఆ పాత పట్టా కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ట్రంకుపెట్టెలో అడుగున దాచుకున్నాడు. ఆ మమకారం లెక్కలో ఏ గడిలోనూ పడదు.

ఇక మా మడి. ఇందులో కోరా, గుత్తా అన్నది మొదటి ప్రశ్న. మా ఊళ్లో కోరు అంటే పంటలో భాగం, గుత్త అంటే పంట వచ్చినా రాకున్నా కారుకు (ఒక పంటకాలానికి) ఇన్ని మూటలని ముందే మాట. మొదట్లో మాది సగం కోరు. ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఇంగ్లిష్ ఆర్థికవేత్త వందేళ్ల కిందటే దీంట్లో ఒక లోపం పట్టుకున్నాడు. మన లెక్కలో చెప్తాను. ఇంకో విడత కలుపు తీయిస్తే వెయ్యి రూపాయల పంట పెరుగుతుంది, కూలి ఆరు వందలు అనుకుందాం. సొంత మడి అయితే నాలుగు వందలు మిగులు, తీయిస్తాడు. సగం కోరులో పెరిగిన పంటలో అతనికి దక్కేది ఐదు వందలు, జేబులోంచి పోయేది ఆరు వందలు. ఎందుకు తీయిస్తాడు? గుత్తలో ఈ బాధ లేదు, పెరిగిందంతా అతనిదే.

అందుకే గుత్తకు మారాం. బాగానే ఉందనుకున్నాను, 2021 నవంబరు దాకా. ఆ వానలకు తిరుపతి వీధులే మునిగాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు రాత్రుళ్లు మేలుకున్నాయి. మా మడిలో వరి పడిపోయి మొలకలెత్తింది. కోరు అయితే నష్టంలో సగం మాది. గుత్త కాబట్టి మొత్తం ఆయనది. జోసెఫ్ స్టిగ్లిట్జ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1974లో రాసింది ఇదే సంగతి: కోరులో శ్రద్ధ తగ్గొచ్చు, కానీ కష్టకాలంలో నష్టాన్ని ఇద్దరూ మోస్తారు. నాకది బురదలో నిలబడ్డప్పుడు అర్థమైంది.

తర్వాత జరిగింది చెప్పడానికి సిగ్గుగానే ఉంది. నష్టపరిహారం మా అమ్మ ఖాతాలో పడింది. భూమి పాస్‌పుస్తకం ఆమెది కదా. పీఎం కిసాన్ ఆరు వేలూ ఏటా ఆమెకే వస్తాయి, పంట రుణమైనా ఆమె పేరు మీదే పుడుతుంది. నాట్లు వేసినవాడు ఏ కాగితంలోనూ లేడు. పరిహారంలో సగం ఆయనకిచ్చాం. మొత్తం ఎందుకివ్వలేదని ఎవరూ అడగలేదు. ఆయన అసలే అడగలేదు.

దీనికి మందు ఉంది. 2019 చట్టం కింద కౌలుదారుకు పదకొండు నెలల పంట సాగు హక్కు కార్డు ఇస్తారు. యజమాని హక్కుకు ఏ ఢోకా లేదని ఆ చట్టంలోనే రాసి ఉంది. కానీ యజమాని సంతకం కావాలి. అక్కడే ఆగిపోతుంది. "సంతకం పెడితే మడి పోతాదిరా" అంటుంది మా అమ్మ. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1956 కౌలు చట్టం ఆరేళ్లకు తక్కువ కౌలు ఒప్పుకోదు. కౌలుదారును కాపాడాలని రాసిన మాట అది, యజమానులు మాత్రం కాగితమే మానేసి నోటిమాటకు దిగారు. తైవాన్‌లోనూ అదే ఆరేళ్ల రూలు పెట్టారు, గుత్త పంటలో 37.5 శాతం దాటకూడదన్నారు, అది నడిచింది. అప్పటి అక్కడి పాలకులు చైనా నుంచి వచ్చినవాళ్లు, ఊరి భూస్వాములతో చుట్టరికం లేదు. మన దగ్గర రూలు రాసినవాళ్లలో భూమి లేనివాళ్లు ఎందరు? బెంగాల్‌లో 1978 నుంచి అధికారులే ఊళ్లకు పోయి, సాయంత్రాల్లో క్యాంపులు పెట్టి పద్నాలుగు లక్షలకు పైగా కోరు రైతుల పేర్లు రాశారు. భూమి చేతులు మారలేదు, పేరు ఎక్కింది. దిగుబడి పెరిగిందని తర్వాత ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు.

భోగ్యం అనే మూడో దారి కూడా ఉంది, ఒకేసారి డబ్బిచ్చి, అది తిరిగిచ్చేదాకా మడి చేసుకోవడం. బోరుకే డబ్బు లేనివాడికి దాని ఊసెందుకు.

నా లెక్క ఇట్లా తేలింది. అప్పు చేసి ఇప్పుడు బోరు వద్దు. డీకేటీలో మామిడి పెట్టుకోవచ్చు. ఉపాధి హామీలో గుంతలు తీయించి మొక్కలు నాటించుకున్నవాళ్లు మా మండలంలో ఉన్నారు, ఆ దారి అడిగి చూడాలి. తోటంతా తోతాపురి రకమే మాత్రం వద్దు. 2025లో గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చిందంటే దాని గతి చూడండి. కాయ పట్టేదాకా కడుపు నింపేది మా మడే, గుత్తకే, కానీ కార్డుతో. కార్డు లేని గుత్త కంటే ఎండు బోరే నయం అనను గానీ, రెండూ మునిగే పడవలే.

అమ్మను ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. పదకొండు నెలలు అని రాసి ఉన్న చోటు మూడుసార్లు చదివించుకుంది. కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"సంతకానికి అమ్మ వస్తాదంటే సంతోషమన్నా" అన్నాడు. "ఇంకో మాట. వానకు పంట పోతే ఆ కారుకు సగం మూటలే అని కూడా రాసుకుందామా?"

అమ్మతో ఆ మాట ఇంకా అనలేదు.