సిఖోటె-అలిన్ ఉల్క అని చెప్పి బీడు ఇనుప ముక్క అంటగట్టారు: కొనబోయేవారు చూసుకోండి

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. గత నెల నేను 24,000 రూపాయలు పోసి కొన్న 412 గ్రాముల "సిఖోటె-అలిన్ ఇనుప ఉల్క", అంటే రష్యాలో ఆకాశం నుంచి పడిన ఇనుమని చెప్పి అమ్మినది, ఉల్క కాదు. ఇసుక అచ్చులో పోసి, నల్లరంగు పూసిన బీడు ముక్క. మన ఇళ్లలో దోసెల పెనం ఏ లోహమో ఇదీ అదే. ఇలాంటిదే ఇంకొకరి దగ్గర కూడా బయటపడింది కాబట్టి, మరికొందరి దగ్గరా ఉండే ఉంటుందన్న అనుమానంతో ఇది రాస్తున్నాను. అమ్మినాయన పేరు ఇక్కడ పెట్టడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, పైగా ఆ పేరైనా నిజమైనదని నాకు నమ్మకం లేదు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. రైస్ పుల్లింగ్ చెంబు పేరుతో ఎవరో లక్షలు పోగొట్టుకున్నారని పేపర్లో వచ్చినప్పుడల్లా స్టాఫ్ రూములో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. బియ్యపు గింజలను లాగే చెంబును అంతరిక్ష సంస్థలు కోట్లు పెట్టి కొంటాయంటే నమ్మేవాళ్లు ఉంటారా అని. ఉంటారు. నేను నమ్మడానికి కాస్త చదువుకున్న అబద్ధం కావలసి వచ్చింది, అంతే తేడా.

ఆరేళ్లుగా ఉల్కలు పోగుచేస్తున్నాను. పెద్ద సేకరణేమీ కాదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో పడిన చెల్యాబిన్‌స్క్ రాళ్లు రెండు, సహారా ఎడారిలో దొరికి మొరాకో వ్యాపారుల చేతుల మీదుగా వచ్చిన మామూలు కాండ్రైట్లు (రాతి ఉల్కల్లో ఎక్కువగా దొరికే రకం) నాలుగు, అర్జెంటీనా కాంపో డెల్ సియెలో ఇనుము గోరంత. ఈ పిచ్చి నెడగొల్ల గురించి చదివిన రోజున పట్టుకుంది. 1870 జనవరి 23న, అప్పటి విశాఖపట్నం జిల్లాలోని నెడగొల్లలో ఒక ఇనుప ఉల్క పడింది. నేల మీద దొరికిన ఇనుప ఉల్కలు ఎన్నో ఉన్నా, పడుతుండగా మనుషులు చూసినవి ప్రపంచంలోనే బహు తక్కువ. ఆ కొద్దిలో ఒకటి మన నేల మీద పడిందంటే ఎవరికి ఒళ్లు పులకరించదు! అది కొనుక్కునేది కాదు కాబట్టి, అదే కోవకు చెందిన సిఖోటె-అలిన్ ముక్క ఒకటైనా ఉండాలని ఎప్పటి నుంచో కోరిక.

సరిగ్గా ఆ కోరిక మీదే కొట్టాడు. విదేశానికి వెళ్లిపోతున్నానని, సేకరణ అంతా అమ్మేస్తున్నానని వాట్సాప్‌లో పరిచయమయ్యాడు. అతను చెప్పిన కథలో ఒక్క అబద్ధం లేదు. 1947 ఫిబ్రవరి 12 ఉదయం రష్యా తూర్పు కొసన సిఖోటె-అలిన్ కొండల మీద అగ్నిగోళం దిగింది. గాలిలోనే ముక్కలై, టైగా అడవిలో గుంటలు తవ్వింది. అన్నిటికంటే పెద్ద గుంట అడ్డం 26 మీటర్లు. ఆ సమయానికి బొమ్మ గీసుకుంటున్న మెద్వెదేవ్ అనే చిత్రకారుడు ఆ అగ్నిగోళాన్నే గీశాడు, 1957లో సోవియట్ ప్రభుత్వం ఆ చిత్రంతో తపాలా బిళ్ల వేసింది. ఆ బిళ్ల ఫోటో కూడా పంపాడు. వీటిలో ఏది వెతికి చూసుకున్నా నిజమే. మనం సరిచూసుకోగలిగినవన్నీ నిజాలుగా పేర్చి, సరిచూసుకోలేని ఆ ముక్క ఒక్కదాన్ని వాటి మధ్య పెట్టాడు.

పార్సిల్‌తో పాటు ఒక ధ్రువపత్రం వచ్చింది. మందపాటి కాగితం, మెరిసే హోలోగ్రామ్ బిళ్ల, అడుగున ఐఎంసీఏ అనే అంతర్జాతీయ సేకర్తల సంఘం సభ్యత్వ సంఖ్య. ఆ సంఖ్య నిజంగానే ఉంది, కాకపోతే అది మరొకరిది. కొనకముందు రెండు నిమిషాలు వెతికితే తెలిసేది. వెతకలేదు. హోలోగ్రామ్ సంగతికి వస్తే, ఉల్కలకు పేర్లు ఖాయం చేసేది మీటియోరిటికల్ సొసైటీ కమిటీ. ఆ వివరాలు మీటియోరిటికల్ బులెటిన్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మన చేతిలోని ఒక్కో ముక్కకు ధ్రువపత్రం ఇచ్చే పని ఆ సొసైటీ చేయదు. ఎవరైనా ఇచ్చారంటే అది అమ్మినవాడి మాటే, కాస్త మంచి కాగితం మీద.

ముక్క చూడటానికి మాత్రం బాగుంది. మెత్తటి మట్టిముద్దను బొటనవేలితో నొక్కినట్టు ఒళ్లంతా గుంటలు. గాలిని చీల్చుకుంటూ వచ్చేటప్పుడు పైపొర కరిగి ఇలాంటి నొక్కులు పడతాయి, నిజమైన సిఖోటె-అలిన్‌కు ఇవే అందం. నాలుగు రోజులు టీవీ పక్కన పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించాను. అయిదో రోజు మా అమ్మాయి గోళ్లరంగు తుడుచుకుంటూ, "నాన్నా, దీనికి కూడా రంగేసినట్టుంది" అంది. దాని చేతిలోని దూది తీసుకుని ఒక గుంటలో రుద్దాను. దూది నల్లబడింది, గుంట బూడిదరంగుకు తిరిగింది. ఉల్కకుండే కరుగుపొర దూదితో పోయేది కాదు.

ఆ రాత్రి వంటింటి త్రాసు తీశాను. గిన్నెలో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, సున్నాకు తెచ్చి, ముక్కకు దారం కట్టి అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీశాను. త్రాసు 57 చూపింది. అంటే అది పక్కకు తోసిన నీళ్లు 57 గ్రాములు, ముక్క ఘనపరిమాణం 57 ఘన సెంటీమీటర్లు. 412ను దాంతో భాగిస్తే 7.2. సిఖోటె-అలిన్ ఇనుము సాంద్రత 7.8 దరిదాపుల్లో ఉండాలి, అప్పుడు త్రాసు 53 చూపాలి. తేడా నాలుగు గ్రాములే. కానీ ఆ 7.2 నేను ఏటా పిల్లల చేత వల్లెవేయించే పట్టికలో బీడు ఇనుముకు ఎదురుగా ఉండే అంకె. మళ్లీ మూడుసార్లు తూచాను. త్రాసు చెడిపోయి ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను.

మర్నాడు బాలానగర్‌లో తెలిసిన లేతు మిషను షాపుకు తీసుకెళ్లాను. మేస్త్రీ ఏమీ అడగలేదు. ముక్కను వైసులో బిగించి, ఒక మూల ఆకురాయితో నాలుగు గీతలు గీసి, రాలిన పొడిని వేళ్ల మధ్య నలిపి చూపించాడు. వేళ్లు పెన్సిలు ముల్లు నలిపినట్టు నల్లగా అయ్యాయి. "బీడు సార్ ఇది. పొడి రాలుతోంది చూడండి. మెత్తటి ఇనుమైతే మిషను మీద చుట్టలు చుట్టలుగా లేస్తుంది." బీడులో గ్రాఫైటు ఉంటుంది, ఆ నలుపు దానిదే. తర్వాత ముక్కను పక్కకు తిప్పి, రెండు అచ్చులు కలిసే చోట మిగిలే సన్నటి గీతను గోటితో చూపించాడు. రాపిడి పట్టి దాన్ని పోగొట్టాలని చూశారు గానీ ఒక అంగుళం మేర మిగిలిపోయింది. "ఎవరు పోశారో గానీ ఇసుక సరిగా జల్లించలేదు సార్," అని ఆ పనితనం మీద ఒక తీర్పు కూడా ఇచ్చాడు. ఎంతకు కొన్నానో చెప్పలేదు.

అప్పటికీ ఆశ చావక, సికింద్రాబాద్‌లో బంగారం నాణ్యత చూసే షాపులో ఎక్స్‌రే యంత్రం కింద పెట్టించాను. ఒకచోట రంగు గోకి, లోహం మీద కొలవమన్నాను. ఇనుము, కాస్త మాంగనీసు. నికెల్ లేదు. సిఖోటె-అలిన్‌లో దాదాపు 6 శాతం నికెల్ ఉంటుంది, మామూలుగా ఏ ఇనుప ఉల్కలోనైనా అయిదు శాతానికి తగ్గడం అరుదు. ఇక్కడ ఒక మెలిక ఉంది, గుర్తుపెట్టుకోండి. నికెల్ కనిపించగానే సంబరపడకూడదు. మన స్టీలు గిన్నెల్లో కూడా నికెల్ ఉంటుంది. క్రోమియం కూడా శాతాల్లో కనిపించిందంటే అది ఫ్యాక్టరీ సరుకే.

ఇవన్నీ ఫోటోలు తీసి పంపితే వచ్చిన జవాబు: "మీ యంత్రం బంగారానికే పనికొస్తుంది సార్." మళ్లీ అడిగితే: "నికెల్ లోపల ఉంటుంది, కోసి చూడండి. కోసిన సరుకు వాపసు తీసుకోము." ఆ రెండు వాక్యాల ఇరుకును కాసేపు మెచ్చుకున్నాను కూడా. తర్వాత నా నంబరు బ్లాక్ అయింది. ఇక పోయేదేముందని కోయించాను. లోపల బూడిదరంగు, పోతపోసేటప్పుడు గాలి చిక్కుకున్న బొక్కలు మూడు.

డబ్బు యూపీఐలో నేరుగా పంపాను. అదే అసలు తప్పు. వాపసు రక్షణ ఉన్న చోట కార్డుతో కట్టి ఉంటే కనీసం అడగడానికి ఒక దారి ఉండేది. రెండో తప్పు ఆలస్యం. సైబర్ మోసాలకు 1930 నంబరుకు ఫోన్ చేయాలని తెలుసు, కానీ అతను సర్దుబాటు చేస్తాడేమోనని పన్నెండు రోజులు మర్యాదగా మెసేజీలు పెడుతూ కూర్చున్నాను. డబ్బు ఖాతాలు మారకముందే చెబితేనే ఆపగలిగే అవకాశం ఉంటుంది. ఫిర్యాదు నమోదైంది. ఈ రోజు వరకు రూపాయి రాలేదు.

రాతి ఉల్కలు కొనేవారికి ఇంకో రకం వల ఉంది. "ఎన్‌డబ్ల్యూఏ" అని, పక్కన ఒక సంఖ్య చెబుతారు. వాయవ్య ఆఫ్రికాలో దొరికిన ఉల్కలకు వరుసగా ఇచ్చే సంఖ్యలవి. బులెటిన్‌లో చూస్తే ఆ సంఖ్య ఉంటుంది, వర్గం ఉంటుంది, ఫోటో కూడా ఉండవచ్చు. కానీ ఆ సంఖ్య పొందిన రాయీ మీకు అమ్ముతున్న రాయీ ఒకటేనని అందులో ఎక్కడా ఉండదు. వర్గీకరణ కోసం 20 గ్రాములు గానీ మొత్తం బరువులో అయిదో వంతు గానీ, ఏది తక్కువైతే అది, ఒక సంస్థలో భద్రపరచాలి. మిగిలినది ఎవరి దగ్గర ఉందో, అతని నుంచి మీ అమ్మకందారుకు ఎలా వచ్చిందో అడగండి. పాత బిల్లో, చీటీయో చూపించలేనివాడి దగ్గర నేనైతే ఇక కొనను.

ఆమ్లంతో తుడిస్తే బయటపడే అల్లిక ఉన్న ఇనుప ఉల్క పలకలు, అంటే స్వీడన్‌లో దొరికిన మ్యూనియోనలుస్టా లాంటివి కొనేవారు వీడియో అడగండి, పలకను దీపం కింద మెల్లగా తిప్పమనండి. నిజమైన దానిలో ఒక దిక్కు పట్టీలు మెరుస్తుంటే మరో దిక్కువి చీకటిగా ఉంటాయి, తిప్పితే వంతు మారుతుంది. అవి లక్షల ఏళ్లు చల్లారుతూ పెరిగిన స్ఫటికాలు, ఒక్కో దిక్కుది ఒక్కో వాలు. స్టీలు మీద లేజరుతో గీసిన అల్లిక అంతా ఒకేసారి మెరిసి ఒకేసారి ఆరిపోతుంది. అంచు మీద కూడా చూడండి. నిజమైన అల్లిక పలక మందం గుండా పోతుంది, కాబట్టి అంచును సానబట్టి ఆమ్లంతో తుడిస్తే అక్కడా కనిపిస్తుంది.

అయస్కాంతం పరీక్ష అందరూ చెబుతారు. నా బీడు ముక్క అందులో డిస్టింక్షన్‌లో పాసైంది. పైగా రాతి ఉల్క మీద బలమైన నియోడిమియం అయస్కాంతం ఆనించవద్దు. అంగారకుడి నుంచి వచ్చిన ఎన్‌డబ్ల్యూఏ 7034 అనే నల్లరాయి ముక్కల్లో ఆ గ్రహపు పురాతన అయస్కాంత క్షేత్రం ఆనవాళ్లు వెతకబోతే, చేతులు మారేటప్పుడు ఎవరెవరో ఆనించిన అయస్కాంతాలు వాటిని చెరిపేశాయని తేలింది. కోట్ల ఏళ్లు నిలిచిన జ్ఞాపకం ఒక్క అయస్కాంతపు బిళ్లతో పోయింది. చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి దగ్గరకు తెస్తే చాలు, లాగుతుందో లేదో తెలుస్తుంది.

శనిదోషానికి "ఉల్క ఉంగరం" గురించి అడిగేవారికి నా దగ్గర జవాబు లేదు. "అగ్నిమణి" పేరుతో అమ్మే నల్లటి గాజు ఉల్క కాదని మాత్రం చెప్పగలను. నిజమైనదైతే అది టెక్టైటు, ఉల్క గుద్దినప్పుడు కరిగి ఎగిరిన మన భూమి మట్టే. నిజం కానిదైతే సీసా ముక్క. ఇక మన దేశంలో పడిన ఉల్కలకు సంరక్షకులు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారు. 2022 ఆగస్టు 17న గుజరాత్‌లో పడిన దియోదర్ ఉల్క ముక్క ఉందని ఈ గొడవ మధ్యలోనే మరొకాయన నాకు కబురు పెట్టాడు. బహుశా మోసపోయేవాళ్ల జాబితాలో నా నంబరు చేరింది.

పోయిన ఆదివారం తెలిసిన సేకర్తలకు నా ముక్క ఫోటోలు పంపితే, విజయవాడ నుంచి ఒకాయన పలికారు. ఆయన కొన్నది 405 గ్రాములు, వేరే పేరున్న మనిషి దగ్గర. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూశాం. వెడల్పైన వైపు, అంచుకు దగ్గరగా చింతగింజ ఆకారంలో ఒక గుంట. దాని కొస నుంచి కుడికి రెండు చిన్న నొక్కులు. రెండింటిలోనూ అక్కడే, అలాగే. గాలిలో కాలుతూ వచ్చిన ఇనుముకు కవలలు పుట్టవు. అచ్చుకు పుడతారు.

మీ సిఖోటె-అలిన్‌ను ఒకసారి బయటికి తీసి ఆ వైపు తిప్పి చూడండి. చింతగింజ గుంట ఉంటే బరువెంతో, ఏ తేదీన కొన్నారో, డబ్బు ఎలా కట్టారో నాకు తెలియజేయండి. విజయవాడ ఆయన ఫిర్యాదు సంఖ్యను నా దానితో జతచేస్తూ రేపు మళ్లీ వెళ్తున్నాను, మీదీ కలుపుతాను.