"డ్రై ఐ ప్యాకేజీ" అంటే కాస్త ఆగండి

ఆ కళ్ల క్లినిక్ మా వైపు ఎవరికి తెలియదు? మెట్రో స్తంభాల మీదంతా వాళ్ల బోర్డులే. పేరు రాస్తే లాయర్ నోటీసు పంపుతారు, ఆ పనిలో మాత్రం మహా చురుకు.

మా చెల్లికి 26. కళ్లు ఎర్రబడి, ఇసుక పడ్డట్టు గరగర. తీసుకెళ్తే కింది రెప్పలో కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. 3 మిల్లీమీటర్లే తడిసింది. 5 కూడా దాటలేదంటే బాగా పొడిబారినట్టే. "సాఫ్ట్‌వేరా? అయితే స్క్రీన్ వల్లే" అని 18,500 ప్యాకేజీ అంటగట్టారు. బ్లూ కట్ అద్దాలు, చుక్కల మందులు, కాపడం సిట్టింగులు.

నా కడుపు మండేది ఇక్కడే. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయని, నోట్లో పుళ్లు తగ్గట్లేదని, దువ్వితే జుట్టు కుచ్చులుగా వస్తోందని చెల్లి కౌంటర్‌లో ఆవిడకి చెప్పింది. ఆవిడ స్వైప్ మిషన్ మా ముందుకు జరిపి, పక్క కుర్రాడి వైపు చూసి, "కీళ్లకి, జుట్టుకి మా దగ్గర ప్యాకేజీల్లేవు మేడం" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. లోపల డాక్టర్ చెవిన వేయలేదు, ఫైల్లో ఒక్క ముక్క రాయలేదు. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి కంటి లోపలి పొర, అదే రెటీనా, చూడనే లేదు.

చూపు మసకేశాక ప్రభుత్వాసుపత్రికి పరుగెత్తాం. అక్కడి డాక్టరమ్మ చుక్కలు వేసి చూసి, "బీపీ, షుగర్ ఉన్నాయా?" అంది. లేవు. ఇవేవీ లేకుండా ఈ వయసులో రెటీనా మీద దూది పింజల్లాంటి తెల్లమచ్చలుంటే కారణం వెతకాల్సిందే అని, కీళ్ల గురించి తనే అడిగింది. రక్తపరీక్షల్లో సొంత ఒంటి మీదే తిరగబడే యాంటీబాడీలు (ఏఎన్ఏ, డీఎస్ డీఎన్ఏ) పాజిటివ్, మూత్రంలో ప్రోటీన్. లూపస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడి చేసే జబ్బు. ఈ జబ్బులో బుగ్గల మీద సీతాకోకచిలుక ఆకారంలో ఎర్రమచ్చ వస్తుందంటారే, అది చెల్లికి రానేలేదు.

డబ్బులు వెనక్కి అడిగితే, "కళ్లు పొడిబారిన మాట నిజమే కదా సార్, మేం దానికే ఇచ్చాం" అన్నారు. నిజమే. అద్దాలు కూడా బ్రహ్మాండం, బిల్లు చాలా స్పష్టంగా కనిపిస్తోంది.

కళ్లు పొడిబారిన అందరికీ లూపస్ ఉండదు, టెన్షన్ పడకండి. తోడుగా కీళ్ల నొప్పులు, నోటి పుళ్లు, ఎండకి దద్దుర్లు ఉంటే మాత్రం రుమటాలజిస్టుకి (కీళ్ల జబ్బులు, లూపస్ లాంటివి చూసే డాక్టర్) చూపించండి. కన్ను నొప్పితో ఎర్రబడినా, చూపు తగ్గినా ఆ రోజే వెళ్లండి. లూపస్‌కి ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మొదలుపెడితే మొదటి ఏడాదిలోపు ఒకసారి రెటీనా పరీక్ష, ఐదేళ్లు దాటాక ఏటా చేయించుకోవాలి. దానికీ వాళ్ల దగ్గర ప్యాకేజీ ఉందట, అటు పోకండి.